సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ రెండుసార్లు కట్టేశాం, రిటర్న్‌లో ఒక్క చలానే చూపించాం. రెండోది వెనక్కి ఎలా?

రాయగడ_కిట్టు | 12 అక్టోబర్ 2025

నమస్తే. నాన్నగారి రిటర్న్ గురించి అడుగుతున్నాను. వయసు 67. పెన్షన్, డిపాజిట్ల మీద వడ్డీ, అంతే. ఐటీఆర్-1, కొత్త రెజీమ్. ఆర్థిక సంవత్సరం 2024-25, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. పన్ను పడే ఆదాయం 7,25,000, సెస్‌తో కలిపి పన్ను 23,400. టీడీఎస్ 16,000 పోగా మేమే కట్టాల్సిన సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ 7,400.

సెప్టెంబర్ 14న ఆదాయపు పన్ను పోర్టల్లో యూపీఐతో కడితే పేజీ తిరిగి తిరిగి ఆగిపోయింది. చలాన్ రాలేదు, బ్యాంకు నుంచి మెసేజ్ కూడా రాలేదు. గడువు మర్నాడే కదా అని అరగంట చూసి నెట్ బ్యాంకింగ్‌లో ఇంకో 7,400 కట్టాం. ఆ చలాన్ ఒక్కటే వేసి 15న రిటర్న్ పెట్టేశాం. తరవాత పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే రెండు 7,400లూ పోయి ఉన్నాయి. అక్టోబర్ 6న రిటర్న్ లెక్క చూసి పంపే 143(1) ఇంటిమేషన్ వచ్చింది: కట్టాల్సిందీ లేదు, రావాల్సిందీ లేదు.

బ్యాంకు వాళ్లు "డబ్బు డిపార్ట్‌మెంటుకి వెళ్లిపోయింది, మా చేతుల్లో లేదు" అంటున్నారు. నెట్ సెంటర్ అతను ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా చెల్లింపు వెనక్కి లాగమని అర్జీ పెట్టమంటున్నాడు. ఒకరు రెక్టిఫికేషన్ (వచ్చిన ఆర్డరులో తప్పు దిద్దమని అడగడం) అంటే ఇంకొకరు రివైజ్డ్ రిటర్న్ (రిటర్న్‌ని సవరించి మళ్లీ పెట్టడం) అంటున్నారు. ఏటి చెయ్యాలి? ఇంకో సంగతి, రీఫండ్ కోసం రిటర్న్‌లో ఇచ్చిన అకౌంటు ఉత్కల్ గ్రామీణ బ్యాంకుది. అది ఇప్పుడు ఒడిశా గ్రామీణ బ్యాంకు అయిపోయింది కదా.

---

బరంపురం_పద్దులు | 12 అక్టోబర్ 2025

కిట్టు గారూ, రివైజా రెక్టిఫికేషనా అన్నది తరవాత. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పోయిన రెండు 7,400లకూ రెండు చలాన్లు పుట్టాయా, లేక ఒక్కటేనా? పాస్‌బుక్కు చూసి ఇది చెప్పలేం. పోర్టల్లో చూడాలి.

లాగిన్ అయి ఈ-ఫైల్‌లో ఈ-పే ట్యాక్స్ తెరవండి. అక్కడ పేమెంట్ హిస్టరీ అనే ట్యాబ్ ఉంటుంది. డబ్బు ఖజానాకి చేరిన ప్రతి చెల్లింపూ అక్కడ ఒక వరుసగా ఉంటుంది, రసీదు దించుకోవచ్చు. రసీదులో ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి: బ్యాంకు బ్రాంచిని గుర్తించే ఏడంకెల బీఎస్ఆర్ కోడ్, అయిదంకెల చలాన్ నంబరు, డిపాజిట్ తేదీ, మొత్తం. బీఎస్ఆర్ కోడ్ మీ బ్రాంచిది కాకుండా వేరేది కనిపిస్తే కంగారు పడకండి. మధ్యలో చెల్లింపు దాటించే గేట్‌వే ద్వారా వెళ్లిన డబ్బుకి వెనకున్న బ్యాంకు కోడ్ పడుతుంది. పక్కనే జనరేటెడ్ చలాన్స్ అనే ఇంకో ట్యాబ్ ఉంటుంది, అందులో ఉన్నవి కట్టినవి కావు, కట్టడానికి తయారు చేసి వదిలేసినవి. చాలామంది ఆ రెండింటినీ కలిపి లెక్కపెట్టుకుని, కట్టని డబ్బు కూడా కట్టామనుకుంటారు.

ఏఐఎస్‌లో (మీ పాన్ మీద పన్ను శాఖ దగ్గరున్న ఏడాది వివరాల పట్టికలో) పేమెంట్ ఆఫ్ ట్యాక్సెస్ అన్న భాగంలో కూడా ఒకసారి సరిచూడండి. అక్కడికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది గానీ సెప్టెంబర్ 14ది ఈపాటికి వచ్చేసి ఉండాలి.

ఒక్క చలానే ఉండి బ్యాంకులో మాత్రం రెండుసార్లు కోత పడితే, ఆదాయపు పన్ను శాఖకి దానితో సంబంధం లేదు. అది ఫెయిలైన లావాదేవీ. యూపీఐలో డబ్బు కోసి అవతలి వాళ్లకి నిర్ధారణ చేరకపోతే లావాదేవీ రోజు కాక 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి పడాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు కస్టమరుకి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ సర్క్యులర్ చెబుతోంది. నోటితో అడగొద్దు. యూపీఐ లావాదేవీ నంబరు వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టొచ్చు.

రెండు చలాన్లూ ఉంటే ఛార్జ్‌బ్యాక్ మాట మరిచిపోండి. చలాన్ పుట్టిందంటే అది ప్రభుత్వ ఖాతాలో జమ అయినట్టే. ఇక బ్యాంకూ గేట్‌వే కంపెనీ దాన్ని వెనక్కి లాగలేవు. రిటర్న్ దారిలోనే రావాలి. నెట్ సెంటర్ అతను సరుకు కొన్న డబ్బుకి చెప్పే సలహా పన్నుకి చెప్పేశాడు.

రెండు రసీదుల మీదా ఇంకో రెండు గళ్లు చూసి ఇక్కడ రాయండి: అసెస్‌మెంట్ ఇయర్, మైనర్ హెడ్ (ఏ రకం చెల్లింపో చెప్పే అంకె). 2025-26, 300 (సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్) అని రెంటి మీదా ఉంటే దారి సులువు. హడావిడిలో ఒకటి 100 కింద, అంటే అడ్వాన్స్ ట్యాక్స్ కింద కట్టేసి ఉంటే అది 2026-27కి చేరి ఉంటుంది. అప్పుడు రెండుసార్లు కట్టినట్టు కాదు, వచ్చే ఏడాదికి ముందే కట్టినట్టు. వచ్చే రిటర్న్‌లో చూపించుకోవచ్చు. పోర్టల్లో చలాన్ కరెక్షన్ అనే సదుపాయం ఉంది గానీ, కట్టిన రోజు నుంచి అసెస్‌మెంట్ ఇయర్ మార్చడానికి 7 రోజులు, మేజర్ హెడ్‌కీ మైనర్ హెడ్‌కీ 30 రోజులే గడువు. ఒక చలాన్‌కి ఒక్కసారే. ఆ తరవాత అసెసింగ్ ఆఫీసరుకి అర్జీ పెట్టుకోవాల్సిందే.

---

జయపురం_ఆడిట్ | 12 అక్టోబర్ 2025

రెండూ 300, 2025-26 అనుకుందాం. ఇంటిమేషన్ వచ్చేసింది కాబట్టి రెక్టిఫికేషన్ చాలు. సర్వీసెస్, రెక్టిఫికేషన్, ఇన్‌కమ్ ట్యాక్స్, 2025-26, అక్కడ ట్యాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్ కరెక్షన్ ఎంచుకుని మొదటి చలాన్ వరుస చేర్చి పంపేయండి. రిటర్న్ మొత్తం మళ్లీ నింపక్కర్లేదు. రీప్రాసెస్ ద రిటర్న్ అన్నది మాత్రం ఎంచుకోవద్దు. అందులో మీరేమీ మార్చలేరు, ఉన్న డేటానే మళ్లీ తిప్పి అదే సున్నా ఇస్తారు.

---

బరంపురం_పద్దులు | 12 అక్టోబర్ 2025

జయపురం గారితో సగం ఏకీభవిస్తాను. ఆ దారి ఉన్నమాట నిజమే, పని కూడా చేస్తుంది. కానీ రెక్టిఫికేషన్‌కి ఆధారమైన సెక్షన్ 154 అన్నది ఆర్డరులో కంటికి కనబడే పొరపాటు దిద్దడానికి. ఇక్కడ సీపీసీ (రిటర్న్‌లు ప్రాసెస్ చేసే కేంద్రం) పొరపాటేమీ లేదు. మనం చూపించని చలాన్‌ని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు, అంతే. ఒప్పుకుంటే సరే, "రిటర్న్‌లో అడగలేదు" అని కొట్టేస్తే నెలలు పోతాయి. ఈలోగా డిసెంబర్ 31 దాటిపోతే రివైజ్డ్ తలుపు కూడా మూసుకుంటుంది.

రివైజ్డ్ రిటర్న్ సెక్షన్ 139(5) కింద మన హక్కు. 2025-26కి ఆఖరు తేదీ 31 డిసెంబర్ 2025. 143(1) వచ్చాక రివైజ్ చెయ్యకూడదన్నది అపోహ. అది ప్రాసెసింగ్ మాత్రమే, అసెస్‌మెంట్ కాదు. చేతిలో రెండున్నర నెలలుండగా రెక్టిఫికేషన్‌తో ఎందుకు మొదలుపెట్టాలి? డిసెంబర్ 31 దాటినవాళ్లకి 154 ఉండనే ఉంది, దానికి ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 4 ఏళ్లు, అంటే ఈ కేసులో 31 మార్చి 2030 దాకా. రెండూ ఒకేసారి మాత్రం పెట్టకండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు, ఏది ముందు ప్రాసెస్ అవుతుందో తెలియక లెక్క చిక్కుపడుతుంది.

చేసే పద్ధతి: ఫైల్ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో 2025-26, ఆన్‌లైన్, ఫైలింగ్ సెక్షన్ దగ్గర 139(5). పాత రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు 15 అంకెలు, పెట్టిన తేదీ అడుగుతుంది. ఆదాయం, డిడక్షన్లు, రెజీమ్ వేటినీ కదపకండి. పాత రిటర్న్ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి. పన్ను చెల్లింపుల షెడ్యూల్లో చలాన్లు రెండు వేర్వేరు వరుసలుగా ఉండాలి. ప్రీఫిల్‌లో (పోర్టల్ తనే నింపి ఇచ్చేదాంట్లో) రెండూ వచ్చేయొచ్చు, రాకపోతే చేత్తో చేర్చండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండూ కలిపి 14,800 అని ఒక్క వరుసలో వేసేస్తారు. కంప్యూటరు బీఎస్ఆర్, తేదీ, నంబరు, మొత్తం నాలుగూ ఒకేసారి పోల్చుకుంటుంది. 14,800కి చలాన్ ఎక్కడా లేదు కాబట్టి జమ ఇవ్వదు. రీఫండ్ మాట దేవుడెరుగు, ఉల్టా 7,400 డిమాండ్ తయారవుతుంది. తేదీ కూడా రసీదులోదే వెయ్యాలి, పాస్‌బుక్కులోది కాదు. అర్ధరాత్రి దగ్గర కట్టినవాటికి ఒక రోజు తేడా వస్తుంది. చలాన్ నంబరు సున్నాలతో మొదలైతే ఆ సున్నాలతో సహా వెయ్యండి.

చివర్లో లెక్క ఇలా రావాలి: పన్ను 23,400, టీడీఎస్ 16,000, చలాన్లు 14,800, మొత్తం 30,800, రీఫండ్ 7,400. దీనికి ఒక్క రూపాయి తేడా ఉన్నా పంపకండి, వెనక్కెళ్లి చూడండి. టీడీఎస్ వరుసలు ప్రీఫిల్‌లో ఎగిరిపోతుంటాయి కూడా. పంపాక 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చెయ్యాలి. ఆధార్ ఓటీపీ అయితే అక్కడికక్కడే అయిపోతుంది. వెరిఫై చెయ్యని రివైజ్డ్ రిటర్న్ పెట్టనట్టే లెక్క, పాతదే నిలబడుతుంది.

---

జయపురం_ఆడిట్ | 13 అక్టోబర్ 2025

ఒప్పుకుంటున్నాను, తేదీ చేతిలో ఉన్నప్పుడు రివైజ్డే మేలు. ఒకటి కలుపుతాను: డిసెంబర్ దాటాక కొందరు ఐటీఆర్-యూ, అంటే అప్‌డేటెడ్ రిటర్న్ పెట్టి రీఫండ్ అడగబోతారు. అది పన్ను ఎక్కువ కట్టేవాళ్ల కోసం. రీఫండ్ అడగడానికి చట్టం ఒప్పుకోదు. అసలు రిటర్నే పెట్టకుండా రెండుసార్లు పన్ను కట్టినవాళ్లయితే సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యం మన్నించమని అర్జీ పెట్టాలి. 2024 అక్టోబర్ 1 నాటి 11/2024 సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 5 ఏళ్లలోపు, కోటి రూపాయల దాకా ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనరే తేల్చేస్తారు.

వడ్డీ సంగతి: సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ ఎక్కువైతే 244ఎ కింద నెలకి అర శాతం. కట్టిన తేదీ, రిటర్న్ పెట్టిన తేదీ, రెంటిలో ఏది తరవాతదైతే అక్కడి నుంచి. 7,400కి నెలకి 37 రూపాయలు. రీఫండ్ మొత్తం పన్నులో 10 శాతం కన్నా తక్కువుంటే వడ్డీ లేదు. ఇక్కడ 10 శాతమంటే 2,340, మీది దాటింది కాబట్టి రావాలి. ఆలస్యానికి కారణం మీరేనని అనుకుంటే ఆ కాలం తీసేసే అధికారం వాళ్లకుంది, కాబట్టి దానిమీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. వచ్చిన వడ్డీని మాత్రం వచ్చే రిటర్న్‌లో ఇతర ఆదాయం కింద చూపించాలి. 7,400 ఆదాయం కాదు, చూపక్కర్లేదు.

---

పర్లాకిమిడి_మాస్టారు | 13 అక్టోబర్ 2025

బాబూ, బ్యాంకు అకౌంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన వైపు రీఫండ్లు ఆగిపోయేది దాదాపు ఇక్కడే.

2025 మే 1 నుంచి ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు. ఒడిశా గ్రామ్య బ్యాంకు, ఉత్కల్ గ్రామీణ బ్యాంకు కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకయ్యాయి. ఉత్కల్‌కి స్పాన్సరు స్టేట్ బ్యాంకు, కొత్తదానికి ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు. కాబట్టి పాత ఐఎఫ్ఎస్‌సీ అలాగే ఉంటుందనుకోవద్దు. అకౌంటు నంబరు కూడా కొత్త పాస్‌బుక్కు వేయించుకుని చూడాలి. సరిహద్దు అవతల పాతపట్నం, పార్వతీపురం వైపు అకౌంటున్నవాళ్లకీ ఇదే గొడవ, అక్కడ నాలుగు బ్యాంకులు కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. సిరోంచ, గడ్చిరోలి వైపు మన తెలుగువాళ్లు కూడా చూసుకోవాలి, విదర్భ కొంకణ్ గ్రామీణ్ బ్యాంకు మహారాష్ట్ర గ్రామీణ్ బ్యాంకులో కలిసింది.

పోర్టల్లో ప్రొఫైల్, మై బ్యాంక్ అకౌంట్ తెరిస్తే అకౌంటు పక్కన వేలిడేటెడ్ అని ఉండాలి, నామినేట్ ఫర్ రీఫండ్ బొత్తం ఆన్‌లో ఉండాలి. బ్యాంకు మారిపోయి ఉంటే రీవేలిడేట్ కొట్టి కొత్త ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వండి. రివైజ్డ్ పెట్టేముందే ఈ పని ముగించాలి, తరవాత కాదు. అది తేలేదాకా ఆగలేకపోతే, పాన్‌తో లింకైన వేరే బ్యాంకు అకౌంటు ఉంటే దాన్ని నామినేట్ చెయ్యడం అన్నింటికన్నా తేలిక.

పాన్ ఆధార్‌తో కలిపి ఉందో లేదో కూడా చూడండి. పాన్ ఇనాపరేటివ్‌లో ఉంటే రీఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా ఇవ్వరు. పాత డిమాండేమైనా ఉందా అన్నది పెండింగ్ యాక్షన్స్‌లో రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్ దగ్గర కనిపిస్తుంది. ఉంటే సెక్షన్ 245 నోటీసు వస్తుంది, జవాబుకి 21 రోజులిస్తారు. పలకకపోతే రీఫండ్‌ని దానికి సర్దేస్తారు. 2024లో 2010-11 అసెస్‌మెంట్ ఇయర్ దాకా 25,000, 2011-12 నుంచి 2015-16 దాకా 10,000 లోపు పాత డిమాండ్లు మనిషికి లక్ష మించకుండా మాఫీ చేశారు, కాబట్టి రిటైరైనవాళ్లకి ఆ పాత చెత్త చాలావరకు పోయే ఉంటుంది.

---

గుణుపురం_లక్ష్మి | 14 అక్టోబర్ 2025

మధ్యలో దూరుతున్నానేమో, క్షమించండి. మాదీ రెండుసార్లు కట్టడమే గానీ రిటర్న్‌కి ముందు కాదు. పోయినేడాది రిటర్న్‌కి 143(1)లో 6,310 డిమాండ్ వచ్చింది. పే నౌ కొట్టి నేను కట్టాను, మావారు విడిగా 400 కింద చలాన్ తీసి కట్టేశారు. దీనికి కూడా రివైజ్డ్ రిటర్నేనా?

---

జయపురం_ఆడిట్ | 14 అక్టోబర్ 2025

లేదమ్మా, మీది వేరే జాతి. 400 అంటే డిమాండ్ మీద కట్టిన సొమ్ము. అది రిటర్న్ షెడ్యూల్లోకి రాదు, రిటర్న్ పెట్టేనాటికి అది పుట్టనే లేదు. రివైజ్డ్ గడువు కూడా అయిపోయింది.

డిమాండ్ పేజీ చూడండి, అక్కడ అది మూసేసినట్టు చూపిస్తే ఒక చలాన్ దానికి సరిపోయిందన్నమాట. రెండోది ఎవరికీ పట్టకుండా మీ పాన్ కింద ఖాళీగా పడి ఉంటుంది. ఇందాక కిట్టు గారికి వద్దన్న రీప్రాసెస్ ద రిటర్న్ మీకు పనికొస్తుంది, ఎందుకంటే మీరు డేటా మార్చక్కర్లేదు, వాళ్ల దగ్గరున్న చలాన్లు మళ్లీ చూస్తే చాలు. ఆ రెక్టిఫికేషన్ ఆర్డరులో మిగులు తేలితే రీఫండ్ అక్కడి నుంచే వస్తుంది. తేలకపోతే గ్రీవెన్సెస్‌లో సీపీసీ-ఐటీఆర్ ఎంచుకుని రెండు రసీదులూ, ఇంటిమేషనూ జతచేసి పెట్టండి. "దయచేసి చూడగలరు" అని పేజీలకు పేజీలు రాయొద్దు. రెండు చలాన్ల వివరాలు, డిమాండ్ నంబరు, ఎంత ఎక్కువ కట్టారు, అంతే.

అక్కడా కాకపోతే అసెసింగ్ ఆఫీసరు దగ్గరికి. ఎవరో ముందు తెలుసుకోండి. హోం పేజీలో నో యువర్ ఏఓ అని ఉంటుంది, పాన్ వేస్తే చెబుతుంది. పెళ్లికి ముందు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పాన్ తీసుకున్నవాళ్ల ఫైలు ఇంకా ఆంధ్ర వైపే ఉంటుంది. దగ్గర్లో ఉందని ఒడిశా ఆఫీసుకి అర్జీ ఇస్తే వాళ్లు తీసుకుని పక్కన పెడతారు తప్ప ఏమీ చెయ్యలేరు.

---

రాయగడ_కిట్టు | 15 అక్టోబర్ 2025

అందరికీ కృతజ్ఞతలు. చూశాను. పేమెంట్ హిస్టరీలో రెండు చలాన్లున్నాయి, రెండూ 2025-26, 300. ఏఐఎస్‌లోనూ ఉన్నాయి. రివైజ్డ్ డ్రాఫ్టులో ప్రీఫిల్ రెండూ తెచ్చింది, రీఫండ్ 7,400 చూపిస్తోంది. డిమాండ్లేమీ లేవు. అయితే అకౌంటు రీవేలిడేట్ కొడితే పేరు కలవలేదని వచ్చింది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, బ్యాంకులో పొడి అక్షరం చివర ఉంది. డ్రాఫ్టు పంపకుండా ఆపాను.

---

పర్లాకిమిడి_మాస్టారు | 15 అక్టోబర్ 2025

ఆపి మంచి పని చేశావు. ఇది మన సరిహద్దు రోగం. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఒడియా ఆఫీసుల్లో చివర. బ్యాంకులో చేరినప్పుడు గుమాస్తా తన అలవాటు చొప్పున రాసేస్తాడు. పాన్ మార్చే జోలికి వెళ్లకు. పాన్ మారిస్తే ఆధార్, పెన్షన్ కాగితాలు, టీడీఎస్ అన్నీ కదులుతాయి. బ్యాంకులోనే మార్పించు. బ్రాంచికి పాన్, ఆధార్ నకళ్లు తీసుకెళ్లి కేవైసీ ఫారంలో పేరు పాన్ మీద ఉన్న వరసలోనే, అక్షరం పొల్లుపోకుండా రాయించు. పాన్ ఆ అకౌంటుకి ఎక్కించారా అని కూడా అడుగు, పేరు దిద్ది పాన్ వదిలేస్తే మళ్లీ అదే తిప్పలు. దిద్దాక ఒకట్రెండు రోజులాగి రీవేలిడేట్ కొట్టు.

పోర్టల్లో మొబైల్, ఈమెయిల్ నెట్ సెంటర్ వాళ్లవి ఉన్నాయేమో కూడా చూడు. ఉంటే ఇప్పుడే నాన్నగారివి పెట్టు. రీఫండ్ ఫెయిలైనా, 245 నోటీసొచ్చినా మెసేజ్ అటే పోతుంది.

---

బరంపురం_పద్దులు | 15 అక్టోబర్ 2025

పేరు పని ఈ నెలలో తేలకపోయినా నవంబర్ దాటనివ్వకండి. డిసెంబర్ ఆఖరి వారంలో పోర్టల్ మీద జనం ఎలా పడతారో సెప్టెంబర్ 14న చూశారు కదా. అకౌంటు తేలకుండానే రిటర్న్ పంపాల్సి వస్తే పంపేయండి, హక్కు నిలుస్తుంది. రీఫండ్ ఫెయిలైందని వచ్చాక సర్వీసెస్‌లో రీఫండ్ రీఇష్యూ పెట్టుకోవచ్చు. రెండు రసీదుల పీడీఎఫ్‌లు మాత్రం ఫోన్లో కాకుండా మెయిల్లో దాచండి.